ఆకుపచ్చ మనుషుల్లో ఒక ఎర్ర గీత

మనిషి స్వభావం చూసి వాడు రేపు దొంగతనం చేస్తాడో లేదో చెప్పగలం అనేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అలా చెప్పే చోట పదిహేడేళ్ళు జీతం తీసుకున్నదాన్ని కాబట్టి, ఆ మంటలో సగం నా మీద నాకే.

మాది గుంటూరు వైపు. ఎం.ఏ. సైకాలజీ చదివాను. మనసుల్ని బాగుచేసే డాక్టరమ్మని అవుతానని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. తీరా నేను ఎవర్నీ బాగుచేసింది లేదు. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ హెచ్.ఆర్. విభాగంలో చేరి, చేరినవాళ్ళకి స్వాగతం, పోయేవాళ్ళకి వీడ్కోలు, మధ్యలో ఫారాలు, ఇంతే నా వృత్తి. కొండాపూర్‌లో ఫ్లాటు, పొద్దున కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ముప్పావు గంట, సాయంత్రం అదే ఫ్లైఓవర్ మీద ఇంకో గంట. నా మధ్యవయసు మొత్తం ఆ ఫ్లైఓవర్ మీదే గడిచిపోయిందని మా ఆయన అంటూ ఉంటాడు. పొగ పీల్చింది నేనే కాబట్టి నవ్వలేను.

చదువుకునే రోజుల్లో మాకు వ్యక్తిత్వం గురించి పాఠం చెప్పిన మాస్టారు ఒక మాట అనేవారు. దుడుకుతనం, కోపం, ఎదుటివాడి బాధ పట్టకపోవడం, ఇలాంటివి నేరం చేసినవాళ్ళలో కాస్త ఎక్కువగానే కనిపిస్తాయమ్మా, అది నిజమే. కానీ మనం దొరికినవాళ్ళనే కొలుస్తున్నాం, దొరకనివాళ్ళ స్వభావం ఏమిటో ఎవరు చూశారు? అని. పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు. నేనూ మర్చిపోయాను. మళ్ళీ గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది.

ఐదేళ్ళ కిందటి మాట. విదేశీ క్లయింట్ ఒకరు ఒక షరతు పెట్టారు. తమ పని జరిగే అంతస్తుల్లోకి వచ్చే ప్రతి మనిషికీ 'నిజాయితీ పరీక్ష' పెట్టాలి. ఇంజనీర్లు మొదలుకొని ఊడ్చేవాళ్ళ దాకా. యాభై ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకి నాలుగు గళ్ళు: ఎప్పుడూ లేదు, అరుదుగా, తరచుగా, ఎప్పుడూ. కింద వివరం రాయడానికి కాస్త ఖాళీ. మీకు కోపం వస్తుందా, మీది కాని వస్తువు తీసుకున్నారా, పైవాళ్ళు చెప్పింది తప్పనిపిస్తే కాదంటారా, ఇలాంటివి. గళ్ళు నింపి పంపితే వాళ్ళ కంప్యూటరు ఒక్కో మనిషికి ఒక రంగు గీత గీసి పంపుతుంది. ఆకుపచ్చ వస్తే మంచివాడు, పసుపు వస్తే చూసుకోవాలి, ఎరుపు వస్తే జాగ్రత్త.

కాగితం ఇంగ్లీషులో ఉంది. తెలుగుది వెనక వస్తుందన్నారు. ఇప్పటికీ రాలేదు. అందుకని సెక్యూరిటీవాళ్ళూ, హౌస్‌కీపింగ్‌వాళ్ళూ, ఎలక్ట్రీషియన్లూ, లిఫ్టు మెకానిక్కులూ ఒక్కొక్కరే నా దగ్గరికి రావాలి, నేను ప్రశ్న తెలుగులో చదవాలి, వాళ్ళు చెప్పాలి, నేనే గడిలో టిక్కు పెట్టాలి. మూడో అంతస్తులో ఒక చిన్న మీటింగు గది ఇచ్చారు. మా ఆఫీసులో గదులన్నిటికీ నదుల పేర్లు. గోదావరి ఉంది, నర్మద ఉంది, ఎక్కడో ఉన్న థేమ్స్ కూడా ఉంది. మూసీ మాత్రం లేదు. నాకు దొరికింది కావేరి.

మా ఆఫీసుల్లో ఒక అలవాటు ఉంది, బయటివాళ్ళకి తెలియదు. ఆడిట్ వస్తుందంటే ముందురోజే అందరికీ జవాబులు చెప్పేస్తాం. మంటలు వస్తే ఎటు పోతారని అడిగితే మెట్ల వైపని చెప్పు, ట్రైనింగు ఇచ్చారా అంటే ఇచ్చారని చెప్పు, ఇలా. దాన్ని మోసం అనుకోం, సిద్ధం చేయడం అనుకుంటాం. ఈ పరీక్షకీ నేను అదే చేశాను. మొదట వచ్చిన హౌస్‌కీపింగ్ ఆవిడ "కోపం వస్తుందా" అంటే "మా ఆయన తాగొస్తే వస్తది మేడం" అంది. "అమ్మా, అలా అనకూడదు, ఎప్పుడూ లేదు అని పెడుతున్నా, సరేనా?" అన్నాను. సరే అంది. తర్వాత అందరికీ అంతే. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. బయట వరసలో నిలబడ్డవాళ్ళకి లోపలినుంచి నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు కనబడుతూనే ఉన్నారు.

చివర వచ్చింది మా బిల్డింగు ఎలక్ట్రీషియన్.

అతని గురించి చెప్పాలి. నలభై దాటిన మనిషి, కొత్తగూడలోనే పుట్టాడు. ఇక్కడ రాళ్ళూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ లేని రోజులు చూసినవాడు. పనిలో మాత్రం బంగారం. లిఫ్టు ఆగినా, సర్వర్ గదిలో ఏసీ పోయినా అందరికంటే ముందు అతనే ఉండేవాడు. నోరు మాత్రం తాటిమట్ట. ఎవరు ఏ పదవిలో ఉన్నా ఒకే గొంతు. ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సుకి నాలుగు ఛార్జర్లు పెట్టారని వైస్ ప్రెసిడెంటు సీటు దగ్గరే నిలబడి "గిదేంది సార్, గిట్ల పెడితే బిల్డింగు మొత్తం అంటుకుంటది" అని అరిచాడు. కోపిష్టివాడికి కడుపులో ఏమీ ఉండదని మా నాన్న అనేవాడు. కడుపు సంగతి చూసే తీరిక మా ఆఫీసులో ఎవరికుంది?

ఆ పరీక్ష రోజు పొద్దున అతను నా దగ్గరికీ వచ్చాడు. నా బల్ల కింద ఒక చిన్న కరెంటు కెటిల్ ఉండేది. క్యాంటీన్ టీ నాకు పడదు. అల్లం వేసుకుని నేనే పెట్టుకునేదాన్ని. అతను వంగి చూసి, ప్లగ్గు పీకి, కెటిల్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏంది మేడం గిది? వైరు చూసిండ్రా, తోలు పోయి రాగి కనబడుతుంది. మీ చాయ్ కోసం ఇంతమందిని కాలబెడతరా?"

చుట్టూ ఆరేడుగురున్నారు. నిన్నగాక మొన్న చేరిన పిల్లలు. ఒకమ్మాయి నవ్వాపుకోలేక తల దించుకుంది. నాకు చెవులు వేడెక్కాయి. "సరేనండి, తీసుకెళ్ళండి" అన్నాను. నేను ఎవరి మీదా అరవను. అది నా స్వభావం. లోపల మాత్రం దాచుకుంటాను. ఏళ్ళ తరబడి దాచుకోగలను.

మధ్యాహ్నం మూడింటికి అతను కావేరి గదిలో నా ఎదురుగా కూర్చున్నాడు. పొద్దున సంగతి గుర్తులేనట్టే ఉన్నాడు. నిజంగానే లేదేమో. నేను కాగితం తీసి మొదటి ప్రశ్న చదివాను. మీకు కోపం వస్తుందా?

అతను నా ముఖంలోకి చూశాడు. కాసేపు ఆగాడు. ఆ ఆగడం ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

"రాదా మరి? మనిషిని గద."

'ఎప్పుడూ లేదు అని పెడుతున్నా' అన్న మాట నా నోటి చివర ఉంది. అనలేదు. తరచుగా అన్న గడిలో టిక్కు పెట్టాను. కోపంలో వస్తువులు విసిరారా? "ఒకసారి టెస్టర్ ఇసిరికొట్టిన, గోడకు." టిక్కు. పైవాళ్ళు చెప్పింది తప్పనిపిస్తే? "చెయ్య. మొఖం మీదనే చెప్త." టిక్కు. మీది కాని వస్తువు తీసుకున్నారా?

ఇక్కడ అతను నిజంగానే ఆలోచించాడు. "చిన్నగున్నప్పుడు పక్కోళ్ల సీతాఫలాలు తెంపిన. మల్ల గీడ... వైరు ముక్కలు. చెత్తల పడేసినయే. మా బిడ్డ చదువుకునే కాడ బల్బు పెట్టనీకి తీస్కపోయిన. పడేసినయే గానీ నాయి గాదు గద. రాయుండ్రి మేడం, ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి."

రాశాను. అందరికీ ఐదు నిమిషాలు పట్టిన పని అతనికి ముప్పావు గంట పట్టింది. ముఖం చూసి బొట్టు పెట్టడం అంటారే, అదే చేశాను. చేస్తున్నానని నాకు తెలుసు. పొద్దున ఆ అమ్మాయి నవ్వాపుకోవడం నా కళ్ళ ముందే ఉంది. పగ అనేంత పెద్ద మాట అక్కర్లేదు. చిన్న కసి. టీ గ్లాసంత.

పది రోజులకి గీతలు వచ్చాయి. అందరూ ఆకుపచ్చ, ఒక్కడు ఎరుపు. 'ఆవేశం అదుపులో ఉండదు, అధికారం పట్ల వ్యతిరేకత, నిజాయితీ విషయంలో ప్రమాదం ఎక్కువ' అని రాసి ఉంది. పరీక్ష నాకూ పెట్టారు. నాది చిక్కటి ఆకుపచ్చ. 'సహకరించే స్వభావం, పెద్దల మాట గౌరవిస్తారు, ప్రమాదం దాదాపు లేదు'. ఇంటికెళ్ళి మా ఆయనకి చూపించాను. "నువ్వు ఎవరికీ కాదనలేవని కనుక్కోవడానికి యాభై ప్రశ్నలు కావాల్సొచ్చాయా? నన్నడిగితే చెప్పేవాణ్ణిగా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఎరుపు వచ్చిన కాగితం ఫైల్లో పడి ఉంది. అతని పని అతను చేసుకుంటున్నాడు. అలాగే ఉండిపోయేదేమో. రెండు నెలలకి కింద బేస్‌మెంటులో కరెంటు గదిలోంచి రాగి కేబుల్ చుట్టలు రెండు కనబడలేదు. కొత్త అంతస్తుకోసం తెప్పించినవి. ఆ గది తాళం ముగ్గురి దగ్గర ఉంటుంది, అందులో ఎలక్ట్రీషియన్ ఒకడు. మా బాసు, అంటే హెచ్.ఆర్. పెద్ద, మెత్తగా మాట్లాడే మనిషి. జీవితంలో గొంతు పెంచి ఎరగడు. "ఎవరైనా రెడ్ ఉన్నారేమో ఒకసారి చూడండమ్మా" అన్నాడు. చూసి ఇచ్చాను. వైరు ముక్కలు తీసుకున్నానని అతనే చెప్పిన జవాబు కింద ఎవరో పెన్సిలుతో గీత గీశారు. ఆ కాగితం ఫిర్యాదుతో పాటు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం ముందు కూర్చున్నవాణ్ణి పోలీసులు లేపి తీసుకెళ్ళారు. అతను అరిచాడు. "నేనెందుకు తీస్త, నాకేం పని" అంటూ చెయ్యి విదిలించుకున్నాడు. చూసినవాళ్ళు "చూశావా, ఎలా ఎగురుతున్నాడో" అనుకున్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని ఒకాయన సామెత కూడా చెప్పాడు. తప్పు చేయనివాడు నెమ్మదిగా ఉంటాడని వాళ్ళ నమ్మకం. నెమ్మదిగా ఉన్నవాళ్ళం మేమంతా పెరుగన్నం తిన్నాం.

మర్నాడు శనివారం. ఎస్సై ఆఫీసుకి వచ్చాడు. కుర్రవాడే, అలసిపోయి ఉన్నాడు. మా బాసు పక్కనే కూర్చుని ఉండగా నన్ను పిలిచారు. ఎస్సై నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మేడం, ఈ పరీక్ష అందరికీ ఒక్కతీరుగనే పెట్టిండ్రా?"

మా బాసు నా వైపు చూసి చిన్నగా నవ్వాడు. ధైర్యం చెప్పే నవ్వు. జవాబు ముందే సిద్ధంగా ఉన్న ప్రశ్న అన్నమాట, ఆడిట్ ప్రశ్నలాంటిది. నా నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"అందరికీ ఒకేలాగ పెట్టామండి."

ఇక్కడ సంతకం అన్నాడు ఎస్సై. పెట్టాను. చెయ్యి వణకలేదు, అది నాకు బాగా గుర్తు. సంతకం చక్కగా వచ్చింది.

ఆదివారం సాయంత్రం అతన్ని వదిలేశారు. కేసు లేదు, ఏమీ దొరకలేదు. సోమవారం వచ్చి గేటు దగ్గరే ఐడీ కార్డు ఇచ్చేసి పోయాడట. నడక బాగాలేదని సెక్యూరిటీ అతను చెప్పాడు. ఫైల్లో 'వెళ్ళిపోవడానికి కారణం' అన్న చోట 'నిజాయితీపై సందేహం' అని బాసు చెప్పాడు, నేను టైపు చేశాను.

నాలుగు నెలల తర్వాత కేబుల్ దొరికింది. ఎవరూ తీయలేదు. పక్క టవరు బేస్‌మెంటులోకి కాంట్రాక్టరు మనుషులే మార్చారు, మార్చినట్టు ఎవరికీ చెప్పలేదు. 'స్టాకు దొరికింది, విషయం ముగిసింది' అని రెండు ముక్కల మెయిల్ వచ్చింది. దొంగతనమే జరగలేదు. నేరం ఒకటి జరిగింది, అది ఏ ఫైల్లోనూ లేదు. నేను బాసు గదిలోకి వెళ్ళి, అతని ఫైలు మార్చుదామా సార్ అని అడిగాను. "ముగిసినదాన్ని ఎందుకమ్మా మళ్ళీ తెరవడం" అన్నాడు ఆయన, ఎంతో ఆప్యాయంగా. సరేనండి అని వచ్చేశాను.

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఎవరు కొత్త ఉద్యోగంలో చేరినా పాత కంపెనీకి ఒక మెయిల్ వస్తుంది. ఈ మనిషి ఎలాంటివాడు, మళ్ళీ మీరు తీసుకుంటారా, అవునా కాదా? అతని గురించి మూడు వచ్చాయి. గచ్చిబౌలి నుంచి ఒకటి, మాదాపూర్ నుంచి రెండు. ఫైల్లో ఉన్నదాన్నిబట్టి మూడుసార్లూ 'కాదు' అన్న గడిలో టిక్కు పెట్టి పంపాను. నాలుగోది రాలేదు. ఎక్కడో కుదురుకుని ఉంటాడులే అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే.

ఈ మధ్యే, ఒక ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటులో మీటర్ల బోర్డు నుంచి కాలిన వాసన వచ్చింది. వాచ్‌మన్ ఎవరికో ఫోను చేశాడు. అరగంటకి పాత స్కూటర్ మీద వచ్చిన మనిషిని చూసి నేను లిఫ్టు దగ్గరే ఆగిపోయాను. తల మొత్తం నెరిసింది. నోరు మాత్రం మారలేదు. "ఎవడు పెట్టిండు గీ అల్యూమినియం వైరు? సెక్రెటరీ ఎవరు, పిలువుండ్రి" అని మా అపార్ట్‌మెంటు పెద్దలందర్నీ వరసపెట్టి కడిగాడు. రెండు గంటలు పనిచేశాడు. అందరూ వెళ్ళాక మెట్ల మీద కూర్చున్నాడు. నేను పైకెళ్ళి అల్లం టీ పెట్టి తెచ్చి అతని ముందు నిలబడ్డాను.

గ్లాసు అందుకుని చూశాడు. "కెటిల్‌ల కాసిండ్రా మేడం?"

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "లేదండి, స్టవ్ మీద" అన్నాను. "మంచిదే" అన్నాడు.

పక్క మెట్టు మీద కూర్చున్నాను. ఐదేళ్ళుగా లోపల కుళ్ళుతున్నది బయట పెట్టేద్దామనుకున్నాను. "మీకో సంగతి చెప్పాలి. ఆ రోజు పరీక్షలో మిగతా అందరికీ జవాబులు నేనే చెప్పాను. మీకొక్కరికే చెప్పలేదు. పొద్దున మీరు అరిచారని కోపం వచ్చి..."

"నాకెరుకే" అన్నాడు.

టీ ఒక గుక్క తాగాడు.

"లైన్ల నిలబడ్డప్పుడే అందరు చెప్పుకుంటుండ్రి, మేడమే చెప్తది, మనం ఊ అంటే చాలు అని. నాకు గూడ చెప్తరేమోనని మీ మొఖం చూసిన. మీరు చెప్పలే. సరే, గట్లైతే నిజమే చెప్దాం అనుకున్న. గంతే."

మొదటి ప్రశ్నకి అతను ఎందుకు ఆగాడో అప్పుడు తెలిసింది. కానీ అసలుది ఇంకా రాలేదు.

"స్టేషన్ల గూడ అదే చెప్పిన. సార్, గా కాగితం చూసి నన్ను కొట్టకుండ్రి, అందరికి చెప్పి రాయించిండ్రు, నాకు చెప్పలే, కావాలంటే పొయ్యి గా మేడంనే అడుగుండ్రి, ఆమె మంచామె, అబద్ధం చెప్పది అన్న. శనివారం పొద్దుగాల ఎస్సై పోయిండు. నేను అనుకున్న, ఇగ అయిపోయింది, మేడం చెప్తది, మధ్యాహ్నం వరకు ఇంటికి పోత అని. మా ఆమెకు గూడ గదే చెప్పి పంపిన. ఎస్సై వాపసొచ్చి ఏమన్నడెరుకనా? 'మేడం అందరికి ఒక్కతీరుగనే పెట్టినం అన్నదిరా, ఇప్పుడేమంటవ్' అన్నడు."

గ్లాసు కింద పెట్టాడు. "గా రాత్రి ఎక్కువ కొట్టిండ్రు. అబద్ధమాడినవని."

ఎస్సై మాట వరసకి అడిగాడనుకున్నాను. ఐదేళ్ళూ అదే అనుకున్నాను. ఆ ప్రశ్న అతను పంపింది. స్టేషన్ గోడకి ఆనుకుని కూర్చుని, లోకంలో ఉన్న మనుషులందరిలోకీ నన్ను సాక్షిగా ఎంచుకుని పంపిన ప్రశ్న. నాకు ఏడుపు ఆగలేదు. సిగ్గు లేకుండా మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అతను ఓదార్చలేదు. పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో సర్దుకున్నాడు.

"ఏడిస్తే ఏమొస్తది మేడం. జీడిమెట్లల మందుల కంపెనీల పర్మనెంటు పోస్టున్నది. మా బిడ్డ కాలేజీకి వచ్చింది, ఇండ్లల్ల తిరిగి చేసుడు ఇగ నాతోని అయితలేదు. పాత కంపెనీకి మెయిల్ పెడతరంట. ఎనుకట మూడుసార్లు కాదు అన్నది గూడ మీరే. నాకెట్ల ఎరుక అనుకుంటుండ్రా? ఆడోళ్లే చూపెట్టిండ్రు, మెయిల్ కింద మీ పేరుంటది గద."

"ఈసారి నిజం రాస్తానండి" అన్నాను.

"నోటితోని గాదు. కాగితం మీద రాసియ్యుండ్రి. తెలుగుల రాయుండ్రి, నేను చదువుకోవాలె."

పైకెళ్ళి కాగితం తెచ్చాను. జరిగింది జరిగినట్టు రాశాను. జవాబులు చెప్పి రాయించడం, అతనికి చెప్పకపోవడం, ఎస్సైకి నేను చెప్పిన అబద్ధం, కేబుల్ దొరకడం, అతను మా అపార్ట్‌మెంటుకి పనికొచ్చినప్పుడు ఇది రాసివ్వడం. అతను కళ్ళజోడు పెట్టుకుని వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. చివరిదాకా వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళాడు.

"'ఇతను కంపెనీ వస్తువు ఏదీ ముట్టలేదు' అని రాసిండ్రు. వైరు ముక్కలు తీసిన గద. అది గూడ రాయుండ్రి. లేకుంటే ఇది గూడ అబద్ధమైతది."

రాశాను. సంతకం పెట్టాను. ఎప్పటిలాగే చక్కగా వచ్చింది, ఎప్పటిలాగే చెయ్యి వణకలేదు. అదే నాకు నచ్చలేదు. ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్ళు చెప్పిన చోట సంతకం పెట్టే మనిషిని నేను. ఈసారి ఎదురుగా ఉన్నది అతను, అంతేనేమో.

బుధవారం జీడిమెట్ల నుంచి మెయిల్ వచ్చింది. మళ్ళీ తీసుకుంటారా అన్న చోట 'అవును' అని పెట్టి, నా కాగితం ఫోటో తీసి జత చేశాను. అలాంటి మెయిళ్ళ నకలు బాసుకీ వెళ్తుంది, గంటలో పిలిచాడు. తలుపు వేయమన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. ఇన్నేళ్ళలో నా మీద ఒక్కసారి కూడా కసురుకోని మనిషి, ఆ రోజూ కసురుకోలేదు.

"ఎంత పని చేశారమ్మా. కంపెనీ మాటేమిటి, మీ మాటేమిటి? పోనివ్వండి, సరిచేసుకోవచ్చు. అతను మీ అపార్ట్‌మెంటుకి వచ్చాడని రాశారు కదా. ఆవేశపరుడు, రికార్డులోనే ఉంది. వచ్చి బెదిరిస్తే భయపడి రాశారు. అంతే కదండీ? ఇదిగో, ఇందులో అదే ఉంది. సంతకం చేసేయండి, మిగతాది నేను చూసుకుంటాను."

కాగితం అప్పటికే ప్రింటు తీసి ఉంది. నాలుగు లైన్లు. కింద నా పేరు, పేరు పైన ఖాళీ. ఎవరైనా నమ్ముతారు. ఎర్ర గీత మనిషి బెదిరించాడంటే నమ్మనిదెవరు? ఆకుపచ్చ ఆవిడ భయపడిందంటే నమ్మనిదెవరు? మా బాసు గీత కూడా ఆకుపచ్చేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన కాగితం నింపింది ఆయనే. పెన్ను మూత తీసి నా చేతికి ఇచ్చాడు. మా మాస్టారు అడిగిన దొరకనివాళ్ళు, ఏసీ గదిలో ఒక బల్లకి అటొకరు ఇటొకరు కూర్చుని ఉన్నాం.

"బెదిరించలేదండి" అన్నాను. "టీ తాగాడు, అంతే."

"ఆలోచించుకోండమ్మా."

"కాదండి."

నలభై తొమ్మిదేళ్ళు వచ్చాక మొదటిసారి అన్న మాట, గొంతులో సరిగా పలకలేదు కూడా. ఆయన వినబడనట్టు చూశాడు. ఇంకోసారి అనాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాను. విచారణ అన్నారు, నోటీసు అన్నారు, ఏదో ఒకటి వస్తుంది. ఒక రోజు పోలీసులూ రావచ్చు, వస్తే చెప్పాల్సింది చెబుతాను. మొన్న గీజరు పాడైతే వాచ్‌మన్‌ని అతన్ని పిలవమన్నాను. "ఆయన ఇప్పుడు ఆదివారమే వస్తడు మేడం, జీడిమెట్లల నౌకరీ దొరికింది" అన్నాడు. ఆదివారం దాకా చన్నీళ్ళే పోసుకుంటున్నాం. మా ఆయన సణుగుతున్నాడు.

ఆ రోజు బాసు గదిలో సంగతి ఒకటి మిగిలింది. ఎన్నో కాగితాల మీద సంతకం పెట్టాను, ఏ రోజూ వణకలేదు నా చెయ్యి. పెట్టకుండా ఆ పెన్నుకి మూత పెట్టి తిరిగి ఇవ్వబోతే, మూత పట్టనంతగా వణికింది. బల్ల మీద పెట్టి వచ్చేశాను.